అణువిద్యుత్తు ఎంత శుభ్రం? వేల పేపర్లలోంచి మెషిన్ లెర్నింగ్‌తో జవాబు రాబట్టడం ఎలా

ఒక కిలోవాట్ అవర్ అణువిద్యుత్తు వెనక ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంది? 2008లో వచ్చిన ఒక సమీక్షా వ్యాసం తాను ఎంచుకున్న అధ్యయనాల సగటు 66 గ్రాములని తేల్చింది. 2014 నాటి ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి బృందం) నివేదిక మధ్యస్థ విలువ 12 గ్రాములని, అధ్యయనాలను బట్టి అది 3.7 నుంచి 110 దాకా మారుతోందని చెప్పింది. 2021లో ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం వేసిన లెక్క 5.1 నుంచి 6.4 గ్రాముల మధ్యే ఉంది. వీటిలో ఏదీ కల్పించిన అంకె కాదు. ఏ రియాక్టరు, యురేనియాన్ని ఏ పద్ధతిలో ఎన్‌రిచ్ చేశారు (అందులో యురేనియం-235 పాలు పెంచారు), ప్లాంటు ఎన్నేళ్లు నడుస్తుందనుకున్నారు, గని నుంచి వ్యర్థాల దాకా ఏయే దశలు లెక్కలో చేర్చారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది.

ఇలాంటి ప్రశ్నకు జవాబు కావాలంటే వేల పేపర్లు జల్లెడ పట్టాలి. అక్కడ మెషిన్ లెర్నింగ్ నిజంగా అక్కరకొస్తుంది, కానీ ఒక షరతు మీద. ప్రతి అంకె తను పుట్టిన వాక్యంతో, తన ఊహలతో, తన హద్దులతో కలిసి మీ చేతికి రావాలి. అవి ఊడిపోయిన అంకెను డేటా అనలేం. కింద చెప్పే మెట్లన్నీ ఆ ఒక్క పట్టుదల మీద నడుస్తాయి. ఉదాహరణకు ఈ ఉద్గారాల ప్రశ్ననే తీసుకున్నాం. మీ ప్రశ్న మోల్టెన్ సాల్ట్ (కరిగిన లవణాలతో నడిచే) రియాక్టర్లలో తుప్పు గురించైనా, ట్రైసో ఇంధనం (పొరలు పూసిన చిన్న కణాల ఇంధనం) గురించైనా పద్ధతి మారదు.

పైథాన్ తెలిసినవారు ఒకరు, అణురంగం తెలిసినవారు ఇద్దరు, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే మొదలుపెట్టవచ్చు. 20,000 అబ్‌స్ట్రాక్టులను (పేపర్ మొదట ఉండే సారాంశాలను) 768 అంకెల వెక్టర్లుగా (అర్థాన్ని సూచించే అంకెల వరుసలుగా) మార్చి దాచినా పట్టేది దాదాపు 61 ఎంబీ. దానికోసం వెక్టర్ డేటాబేస్ సర్వర్లు పెట్టుకోనక్కర్లేదు, పైథాన్‌లోని నంపై ఫైలు ఒకటి చాలు.

1. ముందు చివరి పట్టిక గీయండి

వెతకడం మొదలుపెట్టకముందే, పని అయ్యాక మీ దగ్గర ఉండాల్సిన పట్టికకు గడుల పేర్లు రాసుకోండి. మన ప్రశ్నకు కావలసినవి ఇవి: విలువ, దాని యూనిట్, కనిష్ఠం, గరిష్ఠం, రియాక్టర్ రకం, ఎన్‌రిచ్‌మెంట్ పద్ధతి, ఎన్‌రిచ్‌మెంట్‌కు వాడిన కరెంటు దేనితో తయారైంది, ఖనిజంలో యురేనియం శాతం, ప్లాంటు ఆయుష్షు, లోడ్ ఫ్యాక్టర్ (పూర్తి సామర్థ్యంలో సగటున ఎంత శాతం నడిచింది), చేర్చిన దశలు, లెక్క ప్రాసెస్ (ఒక్కో తయారీ పని) ఆధారంగా వేశారా ఇన్‌పుట్-అవుట్‌పుట్ పట్టికల (ఆర్థిక రంగాల మధ్య లావాదేవీల పట్టికల) ఆధారంగా వేశారా, విలువ రచయితల సొంతమా వేరే పేపర్ నుంచి తెచ్చుకున్నదా, మూల వాక్యం, పేజీ సంఖ్య.

ఇన్ని గడులు ఎందుకని అనిపిస్తే, ఎన్‌రిచ్‌మెంట్ గడి ఒక్కటి లేకపోతే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. 4.5 శాతానికి ఎన్‌రిచ్ చేసిన ఒక కిలో యురేనియానికి, మిగిలిన వ్యర్థ యురేనియంలో 0.25 శాతం యురేనియం-235 వదిలేస్తే, దాదాపు 6.9 సెపరేటివ్ వర్క్ యూనిట్లు (ఎన్‌రిచ్‌మెంట్ శ్రమకు కొలత) కావాలి. గ్యాస్ డిఫ్యూజన్ పద్ధతిలో అలాంటి ఒక్కో యూనిట్‌కు సుమారు 2,400 కిలోవాట్ అవర్ల కరెంటు ఖర్చవుతుంది. సెంట్రిఫ్యూజ్‌కు 50 సరిపోతుంది. ఆ కిలో ఇంధనం టన్నుకు 45 గిగావాట్ డేల బర్నప్‌తో (ఇంధనం నుంచి రాబట్టే ఉష్ణశక్తితో), 33 శాతం సామర్థ్యంతో ఇచ్చే కరెంటు 3,56,000 కిలోవాట్ అవర్లు. డిఫ్యూజన్ ప్లాంటును బొగ్గు కరెంటుతో, కిలోవాట్ అవర్‌కు 1,000 గ్రాముల లెక్కన నడిపారనుకుందాం. ఎన్‌రిచ్‌మెంట్ ఒక్కటే తుది అంకెకు సుమారు 46 గ్రాములు కలుపుతుంది. అదే బొగ్గు కరెంటుతో సెంట్రిఫ్యూజ్ నడిపితే కలిసేది 1 గ్రాము. ఫ్రాన్స్‌లో జార్జ్ బెస్ డిఫ్యూజన్ ప్లాంటు 2012లో, అమెరికాలో పడూకా ప్లాంటు 2013లో మూతపడ్డాయి. అంటే పాత పేపర్లలోని పెద్ద అంకెలు కొన్ని ఈనాటి ఇంధనం గురించి చెబుతున్నవి కావు. ఆ గడి లేకుండా సగటు తీస్తే రెండు యుగాలు ఒకే అంకెలో కలిసిపోతాయి.

2. వెతుకులాట: రంగంలోని వాళ్లు వాడే మాటలతో

‘క్లీన్ న్యూక్లియర్ ఎనర్జీ’ అని వెతికితే పత్రికా ప్రకటనలు, విధాన వ్యాసాలు ఎక్కువ దొరుకుతాయి. అసలు లెక్కలున్న పేపర్లలో కనిపించే మాటలు వేరు: లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్, గ్రీన్‌హౌస్ గ్యాస్, కార్బన్ ఫుట్‌ప్రింట్, ఎనర్జీ పేబ్యాక్. 1970ల నాటివి కావాలంటే నెట్ ఎనర్జీ అనాలిసిస్. కాలంతో పాటు పదజాలం మారుతుందని గుర్తుంచుకోండి. ‘యాక్సిడెంట్ టాలరెంట్ ఫ్యూయల్’ అనే పేరు 2011 ఫుకుషిమా ప్రమాదం తర్వాతే ప్రచారంలోకి వచ్చింది. ఎస్‌ఎమ్‌ఆర్ అనే పొట్టి పేరును ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) మొదట్లో చిన్న, మధ్యతరహా రియాక్టర్లకు వాడేది. ఇప్పుడు దాన్ని చిన్న మాడ్యులర్ రియాక్టర్లకే వాడుతున్నారు.

పొట్టి పేర్లతో ఇంకా పెద్ద చిక్కు ఉంది. హైడ్రోజన్ పేపర్లలో ఎస్‌ఎమ్‌ఆర్ అంటే స్టీమ్ మీథేన్ రిఫార్మింగ్. అణుశక్తితో హైడ్రోజన్ తయారీ గురించి రాసిన పేపర్లో రెండు అర్థాలూ ఒకే పేజీలో దొరుకుతాయి. ఎమ్‌ఎస్‌ఆర్ మోల్టెన్ సాల్ట్ రియాక్టరూ అవుతుంది, మెథనాల్ స్టీమ్ రిఫార్మింగూ అవుతుంది. ఎల్‌ఎఫ్‌ఆర్ లెడ్ ఫాస్ట్ రియాక్టర్ కావచ్చు, సౌరవిద్యుత్తులో లీనియర్ ఫ్రెనెల్ రిఫ్లెక్టర్ కావచ్చు. భద్రతా విశ్లేషణలో పీఎస్‌ఏ సంభావ్యతా పద్ధతిలో భద్రతా అంచనా, వైద్యంలో ప్రోస్టేట్ పరీక్ష. ‘న్యూక్లియర్’ అన్న మాటే జీవకణ కేంద్రకం గురించిన లక్షల పేపర్లను లాక్కొస్తుంది. కాబట్టి పొట్టి పేరుతో ఒంటరిగా వెతకకండి. పూర్తి పేరుతో వెతకండి, లేదా పొట్టి పేరుకు రియాక్టర్, యురేనియం, కూలెంట్ వంటి తోడు మాట తప్పనిసరి చేయండి.

ఎక్కడ వెతకాలంటే, ముందు ఓపెన్‌అలెక్స్. 2022 జనవరిలో మొదలైన ఈ సూచికలోని డేటా స్వేచ్ఛగా వాడుకోవచ్చు. మామూలు పేజీల పద్ధతిలో 10,000 ఫలితాల దగ్గర ఆగిపోతుంది, అందుకని మొదటి నుంచీ కర్సర్ పద్ధతి (ఆగిన చోటు గుర్తుతో తర్వాతి ఫలితాలు అడగడం) వాడండి. అబ్‌స్ట్రాక్టు అందులో మామూలు పేరాగా ఉండదు. ఏ మాట ఎన్నో స్థానంలో ఉందో చెప్పే జాబితాగా వస్తుంది, దాన్ని వరుస పేర్చుకోవాలి. తర్వాత ఐఏఈఏ నడిపే ఇనిస్. 1970 నుంచి పోగుపడిన సమావేశ పత్రాలు, ప్రయోగశాలల నివేదికలు, వేరే చోట సూచికకెక్కని రచనలు అక్కడున్నాయి. అమెరికా ఇంధన శాఖ నివేదికలకు ఓస్టీ. అణురంగంలో పనికొచ్చే సమాచారంలో పెద్ద భాగం జర్నళ్లలో కాక ఈ నివేదికల్లోనే ఉంది. ఓక్‌రిడ్జ్‌లో 1965 నుంచి 1969 దాకా నడిచిన మోల్టెన్ సాల్ట్ ప్రయోగ రియాక్టర్ గురించి జర్నల్ పేపర్లు మాత్రమే సేకరిస్తే అసలు కొలతలు చాలావరకు దక్కవు.

పూర్తి పాఠాల విషయంలో ఒక జాగ్రత్త. ప్రచురణకర్తల వెబ్‌సైట్ల నుంచి స్క్రిప్టుతో మూకుమ్మడిగా పీడీఎఫ్‌లు దించితే మీ సంస్థ మొత్తానికి ప్రవేశం ఆపేస్తారు. టెక్స్ట్ మైనింగ్ కోసం వాళ్లిచ్చే ఏపీఐ ఉంటే అదే వాడండి, లైసెన్సు షరతులు చదవండి. బహిరంగంగా లభించే ప్రతులను అన్‌పేవాల్ చూపిస్తుంది.

3. నకళ్లు తీసేయడం కాదు, కుటుంబాలు కట్టడం

మొదట డీఓఐతో (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యతో), తర్వాత శీర్షికలోని విరామ చిహ్నాలు తీసేసి మొదటి రచయిత పేరుతో, ఒక ఏడాది అటూ ఇటూగా పోల్చండి. ఇది ఎవరైనా చేసేదే. అణురంగంలో అసలు సమస్య వేరే ఉంది. ఒకే ఫలితం ముందు ప్రయోగశాల నివేదికగా, మరుసటి ఏడాది సమావేశ పత్రంగా, ఆపైన జర్నల్ పేపరుగా వస్తుంది. శీర్షికలు మారతాయి, డీఓఐలు వేరు. వీటిని చెరిపేయకండి. అన్నిటికీ ఒకే కుటుంబ సంఖ్య ఇవ్వండి. జర్నల్ పేపర్లో కోసేసిన పట్టికలు నివేదికలో పూర్తిగా ఉంటాయి. లెక్క వేసేటప్పుడు మాత్రం ఒక్కో కుటుంబాన్ని ఒక్కసారే లెక్కించండి.

4. జల్లెడ పట్టడం, ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడం

యాదృచ్ఛికంగా 200 రికార్డులు తీసి ఇద్దరు నిపుణులు విడివిడిగా ‘కావాలి, వద్దు’ అని గుర్తించాలి. ఇద్దరి ఏకీభావాన్ని కోహెన్ కప్పాతో (యాదృచ్ఛికంగా కలిసినవాటిని మినహాయించి ఏకీభావాన్ని చూపే అంకెతో) కొలవండి. అది 0.6 కన్నా తక్కువుంటే మోడల్ జోలికి పోకండి. మీ ఎంపిక నియమమే అస్పష్టంగా ఉందని అర్థం. బహుశా ‘పూర్తి లెక్క లేకుండా ఎన్‌రిచ్‌మెంట్ దశ మాత్రమే లెక్కించిన పేపర్ తీసుకోవాలా’ వంటి ప్రశ్న దగ్గర ఇద్దరూ విడిపోయి ఉంటారు. నియమం రాసుకుని మళ్లీ గుర్తించండి.

తర్వాత పని యాక్టివ్ లెర్నింగ్‌ది. మీరు గుర్తించిన ప్రతి రికార్డుతో మోడల్ మళ్లీ నేర్చుకుని, పనికొచ్చే అవకాశం ఎక్కువున్నదాన్ని ముందు చూపిస్తుంది. ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో తయారైన ఏఎస్‌రివ్యూ ఇందుకు ఉచితంగా దొరికే చక్కని సాధనం. టీఎఫ్-ఐడీఎఫ్ (పేపర్లోని మాటల ప్రాధాన్యాన్ని లెక్కించే పద్ధతి) మీద ఒక సాదా క్లాసిఫయర్ (‘కావాలి, వద్దు’ అని వర్గీకరించే మోడల్) పెడితే ఈ పని బాగా సాగుతుంది. పెద్ద న్యూరల్ మోడల్ పెట్టినంత మాత్రాన పెద్దగా కలిసి రాదు, ప్రతిసారీ తిరిగి నేర్పడానికి సమయం మాత్రం ఎక్కువ పడుతుంది.

అబ్‌స్ట్రాక్టు లేని రికార్డులను వేరే వరుసలో పెట్టండి. ఇది చాలామంది పట్టించుకోరు. కొన్ని పెద్ద ప్రచురణ సంస్థల అబ్‌స్ట్రాక్టులు ఉచిత సూచికల్లో ఉండవు, అణు ఇంజినీరింగ్‌లోని పలు ప్రధాన జర్నళ్లు ఆ సంస్థల చేతిలోనే ఉన్నాయి. శీర్షిక ఒక్కటే ఉన్న రికార్డుకు మోడల్ సహజంగానే తక్కువ మార్కులు వేస్తుంది. అవి అట్టడుగుకు జారిపోయి, రంగంలోని మూలస్తంభాల్లాంటి పేపర్లే మీకు కనబడకుండా పోతాయి.

ఇక ఎప్పుడు ఆపాలి? వరుసగా వంద ‘వద్దు’లు రాగానే ఆపేయడం వాడుక. అది చాలదు. మీ దగ్గర 9,000 రికార్డులున్నాయనుకోండి. 1,000 చూశారు, 240 పనికొచ్చాయి, 8,000 మిగిలాయి. మిగిలినవాటిలోంచి యాదృచ్ఛికంగా 300 చూశారు, ఒక్కటీ పనికిరాలేదు. అప్పుడు 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది, మిగిలినవాటిలో పనికొచ్చేవి 1 శాతం మించవని మాత్రమే. 300 తో 3ను భాగిస్తే వచ్చే హద్దు అది. 8,000లో 1 శాతం అంటే 80 పేపర్లు. అంటే మీరు పట్టుకున్నది మొత్తంలో 75 శాతమే కావచ్చు. అదే 1,500 చూసి ఒక్కటీ దొరకకపోతే హద్దు 0.2 శాతానికి, అంటే 16 పేపర్లకు దిగుతుంది. అప్పుడు కనీసం 93 శాతం పట్టుకున్నామని ధైర్యంగా రాయవచ్చు. శాతం చూసి సంతోషపడకుండా ఎప్పుడూ పేపర్ల సంఖ్యలోకి మార్చి చూడండి.

5. పీడీఎఫ్ నుంచి పాఠం: తప్పులు ఎక్కువ పుట్టే చోటు

ఈ మెట్టు మీద ఎంత సమయం పెడితే అంత లాభం. కొత్త పేపర్లకు గ్రోబిడ్ వాడండి. డాకర్‌లో నడుపుకోవచ్చు, 8070 పోర్టులో వింటుంది, పీడీఎఫ్ ఇస్తే విభాగాలు, ప్రస్తావనలు విడదీసిన ఎక్స్‌ఎమ్ఎల్ ఇస్తుంది. రెండు నిలువు వరుసల పేజీలను సరైన క్రమంలో చదువుతుంది. పట్టికల దగ్గర మాత్రం బలహీనం. పట్టికలకు పీడీఎఫ్‌ప్లంబర్ లేదా క్యామెలాట్ పెట్టండి, అదీ కుదరకపోతే ఆ పేజీని బొమ్మగా మార్చి, చూడగల భాషా మోడల్‌కు ఇవ్వండి. స్కాన్ చేసిన పాత నివేదికలకు ముందు ఓసీఆర్‌మైపీడీఎఫ్ (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే సాధనం) నడపాలి. మైక్రోఫిష్ నుంచి తీసిన స్కాన్లలో 3, 8 ఒకదానికొకటి మారిపోతుంటాయి. అలాంటి మూలాల నుంచి వచ్చిన ప్రతి అంకెనూ మనిషి చూడక తప్పదు.

అణురంగపు పేపర్లను మూడు తప్పులు ప్రత్యేకంగా పీడిస్తాయి.

మొదటిది ఘాతాంకాలు. కోర్ దెబ్బతినే సంభావ్యత రియాక్టర్-సంవత్సరానికి 10⁻⁵ అని పేపర్లో ఉంటుంది. పాఠంగా మార్చాక అది ‘10-5’ అవుతుంది, ఇంకా దిగజారితే ‘105’ అవుతుంది. యూనికోడ్‌ను చక్కదిద్దడానికి అందరూ వాడే ఎన్‌ఎఫ్‌కేసీ పద్ధతే ఈ తప్పు చేయగలదు, ఎందుకంటే పైన రాసిన చిన్న అంకెలను అది మామూలు అంకెలుగా మార్చేస్తుంది. కాబట్టి ఎన్‌ఎఫ్‌కేసీ నడపకముందే ఘాతాంకాలను టోపీ గుర్తుతో 10^-5 అని మార్చుకోండి. పీడీఎఫ్‌లో అక్షరం ఎత్తు, పరిమాణం చూసి ఘాతాంకాన్ని గుర్తించే చిన్న స్క్రిప్టు రాసుకుంటే ఇంకా మేలు.

రెండోది మైక్రో గుర్తు. పాత సింబల్ ఫాంటులో గ్రీకు మ్యూ అక్షరం, రోమన్ ఎమ్ ఉండే స్థానంలోనే కూర్చుంటుంది. ఫాంటు సమాచారం పోగానే మైక్రోమీటరు కాస్తా మిల్లీమీటరు అవుతుంది. ట్రైసో కణంలో సిలికాన్ కార్బైడ్ పొర మందం సుమారు 35 మైక్రోమీటర్లు, కణం మొత్తం వ్యాసమే ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. ‘35 మిల్లీమీటర్ల పొర’ అని మీ పట్టికలోకి వచ్చిందంటే కారణం ఇదే.

మూడోది ఐసోటోపులు, రసాయన సూత్రాలు. యురేనియం-235ను ఒకరు ముందు అంకెతో, ఒకరు వెనక అంకెతో, ఒకరు అడ్డగీతతో రాస్తారు. పాఠంగా మారేటప్పుడు పక్క అంకెలతో అతుక్కుపోతాయి కూడా. ‘4.95 శాతం యురేనియం-235’ అన్నది ‘4.95235’గా మారిన ఫైళ్లు ఉంటాయి. ఐసోటోపులన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చే నియమాల జాబితా ముందే నడపండి.

6. పటం గీయడం

ఇది చూడముచ్చటగా ఉంటుంది, అందుకే దీనిమీద అవసరానికి మించి సమయం పోతుంది. అబ్‌స్ట్రాక్టులను స్పెక్టర్2 వంటి మోడల్‌తో వెక్టర్లుగా మార్చి, యూమ్యాప్‌తో 5 కొలతలకు కుదించి, హెచ్‌డీబీస్కాన్‌తో గుంపులు చేయండి. గుంపు కనీస పరిమాణం 15 నుంచి 50 మధ్య పెట్టి చూడండి. బెర్టాపిక్ ఇవన్నీ ఒకేచోట అమర్చి పెడుతుంది. వేర్వేరు ర్యాండమ్ సీడ్లతో కనీసం మూడుసార్లు నడపండి, మూడింటిలోనూ నిలిచిన గుంపులనే నమ్మండి. రెండు కొలతల బొమ్మలో గుంపుల మధ్య దూరానికి అర్థం వెతక్కండి.

మోడల్ ఎంపికలో రెండు విషయాలు. చిన్నదని అందరూ ఎంచుకునే మినీఎల్ఎమ్ 256 ముక్కల (టోకెన్ల) దగ్గర పాఠాన్ని కోసేస్తుంది. పొడుగు అబ్‌స్ట్రాక్టులో ఫలితం ఉండేది చివరి వాక్యాల్లోనే, అదే తెగిపోతుంది. సైబర్ట్ శిక్షణలో 82 శాతం జీవవైద్య పేపర్లు, మిగతా 18 శాతం కంప్యూటర్ సైన్స్. దానికి అణురంగపు మాటలు కొత్త. హాస్టెలాయ్-ఎన్, టీ91, ఎమ్5 వంటి మిశ్రలోహాల పేర్లను ఇలాంటి మోడళ్లు అర్థంలేని ముక్కలుగా విరగ్గొడతాయి. అందుకే పేపర్లలో ఏదైనా వెతికేటప్పుడు వెక్టర్లతో పాటు బీఎమ్25 అనే పాత పదాన్వేషణ పద్ధతినీ నడిపి, రెండు ర్యాంకులనూ కలపండి. సరిగ్గా ఆ మిశ్రలోహమే కావాలన్నప్పుడు బీఎమ్25ను మించింది లేదు.

7. అంకెలు తవ్వి తీయడం

మొదటి మెట్టులో గీసిన పట్టిక ఇప్పుడు పనికొస్తుంది. దాన్ని జేసన్ స్కీమాగా (ఏ గడిలో ఏ రకం విలువ ఉండాలో చెప్పే నమూనాగా) మార్చి భాషా మోడల్‌కు ఇవ్వండి. నాలుగు నియమాలు మాత్రం సడలించకండి.

విలువను, యూనిట్‌ను పేపర్లో ఉన్నది ఉన్నట్టుగా అక్షరాల రూపంలోనే తీయమనండి. యూనిట్ మార్పిడి మోడల్ చేయకూడదు, ఆ పని మీ పైథాన్ కోడ్‌ది. ప్రతి గడికీ ‘పేపర్లో లేదు’ అని జవాబిచ్చే వీలుండాలి. ఆ వీలు లేకపోతే మోడల్ 40 ఏళ్ల ఆయుష్షు, 85 శాతం లోడ్ ఫ్యాక్టర్ అని తనకు తోచిన మామూలు విలువలు నింపేస్తుంది. అవి నమ్మదగినట్టు కనిపిస్తాయి కాబట్టే ప్రమాదం. ప్రతి విలువకూ మూల వాక్యాన్ని యథాతథంగా అడగండి. ఆ వాక్యం పాఠంలో నిజంగా ఉందో లేదో కోడ్‌తో వెతికించండి, దొరకని వరుసను వెంటనే తీసి పక్కన పెట్టండి. ఈ ఒక్క తనిఖీ కల్పిత విలువల్లో ఎక్కువభాగాన్ని పట్టేస్తుంది. చివరిది, పేపర్లోని ఒక్కో విభాగాన్ని దాని శీర్షికతో కలిపి ఇవ్వండి. పట్టికను ఎప్పుడూ దాని పేరుతో, అడుగున ఉన్న గమనికలతో సహా ఇవ్వాలి. ‘విలువలు ఉష్ణశక్తికి’ వంటి కీలకమైన మాట ఉండేది ఆ గమనికలోనే.

వాక్యం పేపర్లో ఉన్నా విలువ తప్పుగా చేరే దారులు ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది, ఉపోద్ఘాతంలో వేరేవాళ్ల పనిగా ఉటంకించిన అంకెను ఈ పేపర్ ఫలితంగా తీసుకోవడం. బాగా పేరున్న ఒక పాత అంకె ఇలా యాభై పేపర్ల నుంచి యాభైసార్లు మీ పట్టికలోకి చేరి, మధ్యస్థ విలువను తనవైపు లాగేస్తుంది. సొంతమా, తెచ్చుకున్నదా అన్న గడి అందుకే. వాక్యంలో ప్రస్తావన సంఖ్య ఉంటే, విభాగం పేరు ఉపోద్ఘాతమైతే, ఆ వరుసను అనుమానించేలా కోడ్‌లో నియమం పెట్టండి. రెండోది, పోలిక పట్టికలో పక్కనున్న బొగ్గు, గాలి, సౌర విద్యుత్తు విలువలను అణువిద్యుత్తు విలువగా తీయడం. ఒక గడి ఖాళీగా ఉన్న పట్టికల్లో ఇది తరచూ జరుగుతుంది.

ఎంత బాగా తీస్తోందో కొలవడానికి 50 పేపర్లను ఇద్దరు నిపుణులు చేత్తో తవ్వి ఉంచాలి. వాటిలో 20 ప్రాంప్టును సరిచేసుకోవడానికి వాడండి, మిగిలిన 30 చివరిదాకా ముట్టుకోకండి. ప్రెసిషన్ (తీసినవాటిలో సరైనవి ఎన్ని), రీకాల్ (ఉన్నవాటిలో పట్టినవి ఎన్ని) రెండిటినీ ఒక్కో గడికి విడిగా లెక్కించండి. రియాక్టర్ రకం గడిలో బాగా చేసిన మోడల్ ‘చేర్చిన దశలు’ గడిలో చతికిలపడవచ్చు. సగటు మార్కు ఆ సంగతి దాచేస్తుంది. మోడల్ పేరుతో పాటు ఖచ్చితమైన వెర్షన్ రాసిపెట్టుకోండి, టెంపరేచర్ (జవాబులో యాదృచ్ఛికతను నియంత్రించే అంకె) సున్నా పెట్టండి, అది ఇచ్చిన ముడి జవాబులన్నీ భద్రపరచండి. టెంపరేచర్ సున్నా అయినంత మాత్రాన రేపు అదే జవాబు వస్తుందన్న హామీ లేదు.

8. యూనిట్లు, హద్దులు

ఉద్గారాల పేపర్లలో అతి ఖరీదైన తప్పు, గ్రాముల కార్బన్‌ను గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌గా పొరబడటం. రెండిటి మధ్య నిష్పత్తి 44ను 12తో భాగిస్తే వచ్చే 3.67. తర్వాతిది, ఉష్ణశక్తికి ఇచ్చిన విలువను విద్యుత్తుకు అనుకోవడం, అక్కడ తేడా మూడింతలు. ప్లాంటు సామర్థ్యం దగ్గరా ఇదే: చైనాలోని హెచ్‌టీఆర్-పీఎమ్ అణు ప్లాంటులో 250 మెగావాట్ల ఉష్ణశక్తి ఇచ్చే రియాక్టర్లు రెండు కలిసి 210 మెగావాట్ల విద్యుత్తు ఇస్తాయి. బర్నప్‌ను నీటి రియాక్టర్ల వాళ్లు టన్నుకు గిగావాట్ డేలలో, ఫాస్ట్ రియాక్టర్ల వాళ్లు విచ్ఛిత్తి చెందిన పరమాణువుల శాతంలో రాస్తారు. 1 శాతం సుమారు 9.4 గిగావాట్ డేలకు సమానం.

ప్రతి గడికీ భౌతికంగా సాధ్యమయ్యే హద్దులు రాసి, దాటిన వరుసను మనిషికి చూపించండి. మోల్టెన్ సాల్ట్ రియాక్టర్లలో వాడే ఫ్లైబ్ లవణం ద్రవీభవన స్థానం 459 డిగ్రీల సెల్సియస్, దానికన్నా తక్కువ ఉష్ణోగ్రతలో ఫ్లైబ్ ప్రవహిస్తోందని వస్తే ఎక్కడో తప్పుంది. సోడియం సుమారు 883 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పీడన నీటి రియాక్టర్ పీడనం 15.5 మెగాపాస్కల్స్ చుట్టూ ఉండాలి. హద్దు దాటిన వరుసను కోడ్ తనంతట తాను కొట్టేయకూడదు. నిజంగా అసాధారణమైన ప్రయోగం కూడా అక్కడే దొరుకుతుంది.

9. పోల్చదగిన స్థితికి తెచ్చి చూడటం

ఇప్పుడు మీ దగ్గర మిగిలేది బహుశా వంద లోపు సొంత విలువలు. వేల పేపర్లతో మొదలై ఇంతే మిగలడం సహజం. ఇంత చిన్న పట్టిక మీద గ్రేడియంట్ బూస్టింగ్ వంటి క్లిష్టమైన మోడళ్లు పెడితే ఒక్కో పేపర్‌ను కంఠస్థం చేస్తాయి తప్ప ఏమీ చెప్పవు. ముందు హార్మొనైజేషన్ (విలువలన్నిటినీ ఒకే ఊహల మీదికి తేవడం) చేయండి. నిర్మాణం, కూల్చివేతల వాటాను ప్లాంటు జీవితకాలంలో ఇచ్చే మొత్తం కరెంటు మీద పంచుతారు, అందుకే ఆయుష్షు, లోడ్ ఫ్యాక్టర్ మారితే ఆ వాటా విలోమంగా మారుతుంది. 30 ఏళ్లు, 75 శాతం లోడ్ ఫ్యాక్టర్‌తో నిర్మాణ వాటా 4 గ్రాములని ఒక పేపర్ చెబితే, 60 ఏళ్లు, 90 శాతానికి అది 4 × 2,250 ÷ 5,400, అంటే 1.67 గ్రాములు. గని, ఎన్‌రిచ్‌మెంట్ వాటాలకు ఈ సూత్రం వర్తించదు. దశలవారీ వాటాలు ఇవ్వని పేపర్‌ను ఊహించి సవరించకండి, సవరించని గుంపులోనే ఉంచండి.

ఆ తర్వాత ఎన్‌రిచ్‌మెంట్ పద్ధతి వారీగా, లెక్క పద్ధతి వారీగా మధ్యస్థాలు, వ్యాప్తులు పక్కపక్కన పెట్టండి. ఇన్‌పుట్-అవుట్‌పుట్ పద్ధతి సాధారణంగా ఎక్కువ విలువలు ఇస్తుంది. ఆర్థిక వ్యవస్థలోని పరోక్ష ఖర్చులన్నిటినీ అది కలుపుకుంటుంది కాబట్టి. రిగ్రెషన్ చేయాలనుకుంటే పేపర్ కుటుంబాన్ని ర్యాండమ్ ఎఫెక్టుగా పెట్టిన మిశ్రమ మోడల్ (ఒకే కుటుంబపు విలువలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయని లెక్కలోకి తీసుకునేది) వాడండి. ఏ అంచనా మోడల్‌నైనా పరీక్షించేటప్పుడు వరుసలను యాదృచ్ఛికంగా విడదీయకండి. ఒకే పేపర్‌లోని రెండు వరుసలు శిక్షణలో ఒకటి, పరీక్షలో ఒకటి పడితే వచ్చే మంచి మార్కు బూటకం. ఒక కుటుంబం మొత్తం ఒకవైపే ఉండాలి.

పేపర్లు వేరైనా లోపలి డేటా ఒకటే కావచ్చన్నదీ మర్చిపోవద్దు. జీవితచక్ర అధ్యయనాలు చాలావరకు ఎకోఇన్వెంట్ వంటి ఉమ్మడి డేటాబేస్‌ల మీదే నిలబడతాయి. పది పేపర్లు ఒకే అంకె చెప్పినంత మాత్రాన పది సాక్ష్యాలు దొరికినట్టు కాదు. డేటా మూలానికి ఒక గడి పెట్టి, ఒక్కో మూలాన్ని తీసేసి మధ్యస్థం ఎంత కదులుతుందో చూడండి. ఒక మూలం తీయగానే ఫలితం తలకిందులైతే ఆ సంగతే మీ పేపర్లో మొదటి పేరాలో రాయాలి.

పట్టికను ప్రచురించేటప్పుడు మూల వాక్యం, పేజీ సంఖ్య గడులు తీసేయకండి. వాటిని చూసే మీ తప్పును ఇంకొకరు నిమిషంలో పట్టుకోగలుగుతారు. ఉపసంహరించిన పేపర్ల సమాచారాన్ని 2023 నుంచి డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ బహిరంగంగా ఇస్తోంది. ప్రచురించే ముందు ఒకసారి, ఆ తర్వాత వెతుకులాటను తిరిగి నడిపిన ప్రతిసారీ, మీ డీఓఐల జాబితాను దానితో పోల్చండి. ఉపసంహరణ పడిన పేపర్ దొరికితే దాని కుటుంబంలోని మిగతా పత్రాలనూ చేత్తో తెరిచి చూడాలి, ఎందుకంటే ఉపసంహరణ జర్నల్ ప్రతికి పడినా అదే అంకె ఉన్న నివేదిక మీ పట్టికలో అలాగే ఉండిపోతుంది.